కదిలితేనే చల్లన

కళ్ళజోళ్ళ షాపాయన ఇల్లరికపు అల్లుడు. నోట్లో నాలుక లేని మనిషని వీధిలో అంతా అంటారు గానీ, నాలుక ఉంది. దాన్ని కదిలించే సందు అత్తగారు ఇవ్వలేదు, అంతే. షాపులో మాత్రం ఆయన దర్జాయే వేరు. ఎంత మొండిఘటమైనా ఆయన ముందు కూర్చుని, ముక్కు మీద ఇనప ఫ్రేము పెట్టించుకుని, గోడ మీద అక్షరాలు చిన్నపిల్లాడిలా చదవాల్సిందే.

ఇల్లు అత్తగారిది. అందులో ఉండేది అత్తగారు, ఆయన, కిటికీ తెరలు కుట్టే ఆయన భార్య, పనీపాటా లేని బావమరిది. ఈ బావమరిదిని అందరూ తెలుసుబాబు అంటారు. ఎదుటివాడు నోరు తెరిచేలోపే "నాకు తెలుసు" అనేస్తాడు. ఏం తెలుసో ఇంతవరకూ ఎవరికీ తెలీదు.

కాంక్రీటు కప్పున్న ఇల్లు కావడంతో ఎండాకాలం మధ్యాహ్నానికి పెనంలా కాలిపోయేది. ఏసీ పెట్టిద్దామని ఎలక్ట్రీషియన్ని పిలిస్తే, అతను గోడల్లో వైర్లు చూసి, "పెట్టొచ్చమ్మా. ఏసీ మిగుల్తుంది, ఇల్లు మిగలదు" అని చేతులు దులుపుకుని వెళ్ళిపోయాడు.

అలాంటి ఇంటికి కారొచ్చింది. కొనుక్కోలేదు. భార్య తెరల గుడ్డ కొన్న కొట్టువాళ్ళు లక్కీ డ్రా పెట్టారు. గాజు గిన్నెల సెట్టు వస్తే చాలనుకుంటే ఏకంగా కారే తగిలింది. కొట్టువాళ్ళే తెచ్చి వాకిట్లో నిలబెట్టి, తాళాలు చేతిలో పెట్టి, ఫోటో తీసుకుని పోయారు. ఇంట్లో ఎవరికీ డ్రైవింగు రాదు. తెలుసుబాబుకి తెలుసు గానీ, "ఈ సీటుకి నా కాళ్ళు పొడుగక్కా" అన్నాడు. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు.

కొన్నాళ్ళు కారుకి గుడ్డ కప్పి ఉంచారు. తర్వాత ఓ మిట్టమధ్యాహ్నం భార్య అద్దాలు తుడవడానికి లోపలికెళ్ళి, ఏదో బటను నొక్కి, మళ్ళీ బయటికి రాలేదు. ఏమైపోయిందా అని వెతుక్కుంటూ ఆయన వెళ్ళాడు. ఆయనా రాలేదు. వాళ్ళిద్దర్నీ తిట్టడానికి అత్తగారు వెళ్ళింది. లోపల అడుగు పెట్టగానే తిట్టు సగంలో ఆగిపోయింది.

"తలుపెయ్యవయ్యా అల్లుడూ, చలవ పోతుంది" అంది.

ఆ రోజు నుంచి కారు వాళ్ళకి ఇంకో గదైంది. మధ్యాహ్నం భోజనాలు కాగానే దిండ్లు పట్టుకుని అందరూ కారెక్కేవాళ్ళు. ముందు సీటు వెనక్కి వాల్చుకుని అత్తగారు పడుకునేది. వెనక భార్య తెరల అంచులు కుట్టుకునేది, ఆమె పక్కన తెలుసుబాబు గురక పెట్టేవాడు. స్టీరింగు ముందు అల్లుడుగారు. తాళం తిప్పి ఇంజను వెయ్యడం, అందరూ లేచాక ఆపడం ఆయన డ్యూటీ. ఆ స్టీరింగు మీద పళ్ళెం పెట్టుకుని తినేవాడు, కళ్ళజోళ్ళ మరలు బిగించుకునేవాడు. ఎవరైనా చుట్టాలొస్తే, "రండి, కారులో కూర్చుందాం" అనేవాళ్ళు. వాళ్ళు ఎక్కడికో తీసుకెళ్తారనుకుని సీటుబెల్టు పెట్టుకునేవాళ్ళు. వారం వారం ఆయన స్కూటరు మీద డబ్బాతో పెట్రోలు తెచ్చి, అంగుళం కదలని ఆ బండికి పోసేవాడు. టైర్ల కింద గడ్డి మొలిచి, ముసలిదై, ఎండిపోయి, మళ్ళీ మొలిచింది. 

అలా మూడు వేసవులు చల్లగా గడిచాయి. నాలుగో వేసవి మొదట్లోనే కారు వేడిగాలి కొట్టింది.

మొదట ఎవరూ నమ్మలేదు. అత్తగారు గాలి వచ్చే చోట చెయ్యి పెట్టి, చటుక్కున వెనక్కి తీసుకుంది. "ఇదేంటయ్యా, పొయ్యి మీంచి వస్తున్నట్టుంది! నువ్వేం నొక్కావ్?"

"రోజూ నొక్కేదే నొక్కాను అత్తయ్యా."

"నాకు తెలుసు" అన్నాడు తెలుసుబాబు. "ఏసీలో గ్యాసైపోయింది."

గ్యాసైపోలేదు. ఆ సంగతి చలిమేస్త్రి వచ్చి చెప్పాడు. ఫ్రిజ్జులూ కారు ఏసీలూ బాగుచేస్తాడు కాబట్టి అతనికి ఆ పేరొచ్చింది. బక్కగా, పొడుగ్గా, రేకుల షెడ్డులో వేగి వేగి అప్పడంలా ఉంటాడు. బానెట్ ఎత్తి, గొట్టానికి మీటరు తగిలించి చూసి, "గ్యాసు నిండుగా ఉందమ్మగారూ. షెడ్డుకి తీసుకెళ్ళి చూడాలి" అన్నాడు. టైర్లలో గాలి కొట్టి, గడ్డి పీకి, బండిని బయటికి తీశాడు. మూడేళ్ళ తర్వాత తమ గది వీధిలో పడి పోతుంటే నలుగురూ వాకిట్లో నిలబడి చూశారు.

మేస్త్రి కాసేపటికే తిరిగొచ్చాడు. "ఏమీ లేదు సార్. మంచులా ఉంది. దారంతా వణుక్కుంటూ వచ్చాను."

నలుగురూ ఆత్రంగా ఎక్కి తలుపులేసుకున్నారు. మొదట చల్లగానే ఉంది. అత్తగారు కళ్ళు మూసుకుంది. కాసేపటికి కళ్ళు తెరిచింది. మళ్ళీ కాసేపటికి నోరు తెరిచింది. ఆ నోటి ధాటికి అల్లుడు ఫోను చేసి మేస్త్రిని వెనక్కి పిలిపించాడు. అతను వచ్చి, గాలి మీద చెంప ఆనించి, నిజమే వేడిగా ఉందని ఒప్పుకుని, బండి మళ్ళీ తీసుకెళ్ళాడు. మళ్ళీ దారిలోంచే వెనక్కి తిప్పుకుని వచ్చేశాడు.

"అమ్మగారూ, ఒట్టేసి చెప్తున్నా. చల్లగా ఉంది."

"మరి మేమేం అబద్ధాలకోరులమా?"

"అలా ఎందుకంటానండీ. మీ వాకిట్లోనే ఏదో ఉంది. బండికి మీ వాకిలి పడట్లేదు."

"మూడేళ్ళు పడింది కదయ్యా!"

"మొహం మొత్తిందేమో."

ఇంకొకరైతే ఆ మాటకి నవ్వేవాళ్ళు. ఎండ దెబ్బకి బుర్రలు ఉడికి ఉండడం వల్ల నలుగురూ దాన్ని సీరియస్‌గా ఆలోచించారు. బండిని అటు తిప్పి పెట్టించారు. ఇటు తిప్పి పెట్టించారు. గోడవైపు మొహం పెట్టారు, వీధివైపు పెట్టారు. ఎటు పెట్టినా కాసేపటికి సెగే. 

చివరికి అత్తగారు సీటులోంచి దిగనని భీష్మించింది. "నేను లోపల ఉండగా చల్లగా నడిపి చూపించు. అప్పుడు నమ్ముతా."

అలా మేస్త్రి స్టీరింగు ముందు కూర్చున్నాడు. అల్లుడు వెనక మధ్య సీటులోకి మారాడు. ఒక పక్క బావమరిది మోచెయ్యి, ఇంకో పక్క తెరల మూట. బండి వీధి దాటగానే చల్లగాలి మొదలైంది. అబ్బ, ప్రాణం లేచొచ్చింది. మేస్త్రి గర్వంగా అద్దంలోంచి అందరి మొహాలూ చూశాడు. పెద్ద సిగ్నల్ దగ్గర ఎర్రదీపం పడింది. బండి ఆగింది. గాలి గోరువెచ్చనైంది. ఆ తర్వాత సెగైంది. మేస్త్రి మొహం పాలిపోయింది. పచ్చదీపం పడింది, బండి కదిలింది, మళ్ళీ చల్లన.

"అర్థమైంది" అంది అత్తగారు. "దానికి గాలి తగిల్తే మనకి గాలి తగుల్తుంది."

"నాకు తెలుసు" అన్నాడు తెలుసుబాబు.

మేస్త్రి బండిని పక్కకి ఆపి బానెట్ ఎత్తాడు. ఇంజనుకో ఫ్యాను, దాని పక్కన ఏసీకి ఇంకో ఫ్యాను ఉన్నాయి. ఇంజనుది గిర్రున తిరుగుతోంది. ఏసీది కట్టెలా ఉంది. పుల్లతో తోస్తే అర చుట్టు తిరిగి ఆగింది.

"మోటారు కాలిపోయింది సార్. బండి పరిగెత్తేప్పుడు ఎదురుగాలి ఆ పని చేసేస్తోంది. ఆగితే చేసేవాళ్ళు లేరు. అందుకే వేడి." తర్వాత నుదురు తుడుచుకున్నాడు. "ఈ ఫ్యాను ఇక్కడ దొరకదు. తెప్పించాలి."

"అందాకా?" అంది అత్తగారు.

"అందాకా దాని మొహానికి ఎవరైనా గాలి కొడుతూ ఉండాలి."

ఆ 'ఎవరైనా' ఎవరో చెప్పక్కర్లేదు కదా.

మొదట ఇంట్లో ఉన్న ఒక్క టేబుల్ ఫ్యానునీ వైరు లాగి తెచ్చి కారు ముందు స్టూలు మీద పెట్టారు. బాగానే పనిచేసింది. కానీ మధ్యాహ్నం కాగానే కరెంటు పోయేది. దాంతో భార్య తెరలొచ్చే పెద్ద అట్టపెట్టె చింపి, రెండు చేతులతో పట్టుకునేందుకు వీలుగా అంచులు మడిచి కుట్టి, మొగుడి చేతిలో పెట్టింది.

"కాసేపేనండీ. అమ్మకి నిద్ర పట్టేదాకా" అంది, ఆయన కళ్ళలోకి చూడకుండా.

అత్తగారికి నిద్ర పట్టేది. అట్ట ఆగగానే మెలకువ వచ్చేది. మిట్టమధ్యాహ్నపు ఎండలో నెత్తిన తడి తువ్వాలు వేసుకుని, కారుకి ఎదురుగా నిలబడి, దాని మూతి మీద ఆయన విసురుతూ ఉండేవాడు. లోపల ముగ్గురూ చల్లగా ఉండేవాళ్ళు. అప్పుడప్పుడూ తెలుసుబాబు అద్దం కొంచెం దించి, "కాస్త ఎడమవైపు ఎక్కువ కొట్టు బావా, నా వైపుకి రావట్లేదు" అనేవాడు.

ఓ రోజు షాపుకొచ్చే పెద్దాయనొకడు గొడుగేసుకుని అటు పోతూ ఆగిపోయాడు. కిందటి నెలే కొత్త అద్దాలు చేయించుకున్న మనిషి. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. అయినా అదే కనబడింది.

"ఏమండీ, కారుకి ఉక్కపోస్తోందా?"

"అవునండీ" అన్నాడు అల్లుడు.

"పాపం" అని పెద్దాయన కాసేపు సానుభూతిగా నిలబడి, "మాది ఎండలోనే ఉంటుంది. ఎప్పుడూ అడగలేదు" అని బాధపడుతూ వెళ్ళిపోయాడు.

మొగుడు కొట్టినందుకు కాదు, తోటికోడలు నవ్వినందుకు ఏడ్చిందట ఒకావిడ. ఎండకి ఏడవని ఆయనకి పెద్దాయన జాలికి ఏడుపొచ్చింది. అట్ట కింద పడేశాడు. లోపలికెళ్ళి, "అత్తయ్యా, ఇహ నా వల్ల కాదు" అన్నాడు. పెళ్ళయ్యాక ఆవిడకి ఎదురు చెప్పిన మొదటి మాట అదే. గొంతు చిన్నగా ఉంది గానీ మాట మాటే.

అత్తగారు తెల్లబోయింది. తర్వాత మేస్త్రికి కబురు పంపింది. పార్టు వచ్చేదాకా మధ్యాహ్నాలు అతనొచ్చి బండి తిప్పుతానన్నాడు. "కదిలితే చాలు కదమ్మగారూ, నిద్రపోండి, నేను తిప్పుతుంటా" అన్నాడు.

రెండు వారాలు ఇంటిల్లిపాదీ నిద్రపోతూ ఊరంతా తిరిగారు. మేస్త్రి వాళ్ళింట్లోనే తిని, చెయ్యి కడుక్కుని, స్టీరింగు ముందు కూర్చునేవాడు. అత్తగారికి అతనంటే అభిమానం పుట్టుకొచ్చింది. ఇంత సాఫీగా మలుపు తిప్పేవాణ్ణి చూడలేదంది. అల్లుడు మూట పక్కన ముడుచుకుని కూర్చుని, గుంటలో పడ్డప్పుడల్లా నెత్తి కప్పుకి కొట్టించుకునేవాడు. అయినా ఎండలో నిలబడ్డం తప్పింది కదా అని తృప్తిపడేవాడు.

ఒకటే చిక్కు. పెద్ద సిగ్నల్. అక్కడ ఎర్రదీపం పడితే చాలాసేపు ఉంటుంది. మొదటి రోజే అత్తగారు నిద్రలోంచి, "అల్లుడూ..." అంది. అంతే, ఆయన అట్ట పట్టుకుని దిగాడు. రోజూ అదే పని. ఎర్రదీపం పడగానే దిగడం, బస్సుల మధ్యా లారీల మధ్యా నిలబడి కారు మూతికి విసరడం, పచ్చదీపం పడగానే పరిగెత్తుకొచ్చి ఎక్కడం. బస్సు కిటికీల్లోంచి జనం తలలు బయటపెట్టి చూసేవాళ్ళు. ఒకాయన చిల్లర కూడా విసిరాడు.

ఓ రోజు పచ్చదీపం పడింది. ఆయన అట్ట మడిచేలోపే వెనకనుంచి లారీవాడు హారన్ మోగించాడు. కంగారులో మేస్త్రి బండి కదిలించేశాడు. కారు ఆయన పక్కనుంచే నింపాదిగా వెళ్ళిపోయింది. లోపల అందరూ నిద్రలో ఉన్నారు. భార్య మాత్రం తెర మీంచి తలెత్తి, వెనక అద్దంలోంచి చెయ్యి ఊపింది. రమ్మనో, వెళ్ళొస్తామనో ఆయనకి అర్థం కాలేదు.

మేస్త్రి షెడ్డు అక్కడికి దగ్గరే. నీడైనా దొరుకుతుందని అట్ట నెత్తిన పెట్టుకుని నడిచాడు. తలుపు చేరేసి ఉంది. లోపల రేకుల కింద నిప్పుల కొలిమిలా ఉంది. కుర్చీ ఉంది కదా అని కూలబడ్డాడు. కుర్చీకి ఎదురుగా, దూలానికి తాడుతో వేలాడదీసిన ఫ్యానొకటి కనబడింది. నల్లటి ప్లాస్టిక్ రెక్కలు, చుట్టూ చట్రం. కింద పాత కారు బ్యాటరీ, దానికి రెండు క్లిప్పులు. ఒక క్లిప్పు విడిగా ఉంది. తగిలించాడు.

ఓరి నాయనో, అదేం గాలి! చొక్కా వీపుకి అంటుకుపోయింది. గోడకున్న కాగితాలు రెపరెపలాడాయి. అంత గాలి ఆయన మొహాన ఎవరూ ఎప్పుడూ కొట్టలేదు. చాలాసేపు కళ్ళు మూసుకుని అలాగే కూర్చున్నాడు. కళ్ళు తెరిచాక, అలవాటు ప్రకారం చిన్న అక్షరాల మీదకి చూపు పోయింది. చట్రం మీద చీటీ. దాని మీద ఉన్నది తమ కారు పేరే.

బయట కారు ఆగిన చప్పుడైంది. మేస్త్రి పరిగెత్తుకుంటూ లోపలికొచ్చాడు. "సార్, ఇక్కడున్నారా! త్వరగా రండి, అమ్మగారు లోపల ఉడుకుతున్..." ఫ్యాను తిరగడం చూసి ఆగిపోయాడు.

"ఇది మాదే కదా మేస్త్రీ?"

"టెస్టింగ్ సార్."

"ఎన్నాళ్ళ నుంచి?"

బయట హారన్ మోగింది. అత్తగారే. మేస్త్రి తల దించుకున్నాడు. "వచ్చి చాలా రోజులైంది సార్. బిగిద్దామనే తీశాను. తిరుగుతోందా లేదా అని ఒకసారి బ్యాటరీకి పెట్టి చూశా. చూడండి ఈ రేకులు. పన్నెండేళ్ళుగా ఊరందరికీ చల్లగాలి బాగుచేసి పంపిస్తున్నా. నా మొహానికి గాలి తగలడం అదే మొదలు. మధ్యాహ్నం మీ కారు, పొద్దునా సాయంత్రమూ ఇది. రేపు బిగిద్దాం, రేపు బిగిద్దాం అనుకుంటూనే..."

హారన్ మళ్ళీ మోగింది. ఈసారి ఆపలేదు.

అల్లుడికి కోపం రావాలి. ఎండలో విసిరి విసిరి చేతులు పడిపోయిన మనిషి కదా. కానీ ఆ గాలి ముందు కోపం నిలవలేదు. ఫ్యాను బిగిస్తే ఏమవుతుందో కళ్ళ ముందు కదిలింది. మళ్ళీ వాకిట్లో స్టీరింగు పట్టుకుని, ఎక్కడికీ వెళ్ళకుండా కూర్చోవడం. 

"నాకు డ్రైవింగు నేర్పు" అన్నాడు హఠాత్తుగా. "అందాకా ఇది నీ దగ్గరే ఉండనీ."

మేస్త్రి నోరు తెరిచాడు. హారన్ హోరులో ఇద్దరూ చేతులు కలుపుకున్నారు.

షాపు తెరవకముందే పొద్దున్నే షెడ్డుకి పోయేవాడు. అక్కడ చెడిపోయిన బళ్ళని లాక్కొచ్చే ముసలి వ్యానొకటి ఉంది. దాని మీద నేర్చుకున్నాడు. క్లచ్ వదలడం తెలియక అది కప్పలా గెంతేది. "సార్, కళ్ళజోడు మర ఎలా వదులు చేస్తారు? కొంచెం కొంచెంగా కదా? పాదంతో అదే చెయ్యండి" అన్నాడు మేస్త్రి. ఆ మాటతో పాదానికి బుద్ధొచ్చింది. పరీక్ష రాసి లైసెన్సు కూడా తెచ్చుకున్నాడు. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

ఓ మధ్యాహ్నం మేస్త్రి రాలేదు. అందరూ దిండ్లతో వాకిట్లో నిలబడ్డారు. అల్లుడు వెళ్ళి స్టీరింగు ముందు కూర్చుని, "ఎక్కండి" అన్నాడు.

"మళ్ళీ వాకిట్లోనేనా? ఉడికి చస్తాం" అంది అత్తగారు ఎక్కుతూ.

బండి కదిలింది. వీధి మలుపు తిరిగింది. వెనకనుంచి భార్య, "ఏవండీ!" అని ఒక్క కేక పెట్టి, తర్వాత నవ్వడం మొదలుపెట్టి ఆపలేకపోయింది. తెలుసుబాబు రెండు చేతులతో సీటు పట్టుకుని, జన్మలో మొదటిసారి, "నాకు తెలీదే!" అన్నాడు. అత్తగారు దిండు గుండెలకి హత్తుకుని, అల్లుడి చేతులవైపే చూస్తూ కూర్చుంది. ఆ రోజు ఆవిడ నిద్రపోలేదు.

పెద్ద సిగ్నల్ దాటాక మెల్లిగా అడిగింది. "ఆ పార్టు ఇంకా రాలేదా?"

ఎదురుగా కూర్చుని అడిగుంటే ఏదో ఒకటి నసిగేవాడు. చూపు రోడ్డు మీద ఉండడం వల్ల ఆవిడ మొహం చూడక్కర్లేకపోయింది. ఉన్నదున్నట్టు చెప్పేశాడు. ఫ్యాను, దూలం, తాడు, బ్యాటరీ, ఒప్పందం, అన్నీ.

"షెడ్డుకి పోనీ" అంది అత్తగారు.

మేస్త్రి ఫ్యాను ముందు కూర్చుని కునుకుతున్నాడు. ఆవిణ్ణి చూసి, కుర్చీతో సహా లేచాడు. "తప్పైపోయిందమ్మగారూ. ఇప్పుడే బిగించేస్తా. మీ కళ్ళ ముందే."

అత్తగారు వెళ్ళి ఫ్యాను ముందు చెయ్యి పెట్టింది. తర్వాత మొహం పెట్టింది. తల పైకెత్తి రేకులు చూసింది. రేకుల సెగకి ఒక అడుగు వెనక్కి వేసింది.

"బిగిస్తే ఏమవుతుందయ్యా?"

"బండి నిలబడున్నా చల్లగా ఉంటుందమ్మగారూ. మునుపట్లాగే."

"నిలబడితే ఎక్కడుంటాం?"

మేస్త్రికి అర్థం కాలేదు. "మీ వాకిట్లోనేనండీ."

"మా వాకిట్లోంచి ఏం కనబడుతుందో తెలుసా నీకు? ఎదురింటి గోడ. గోడ మీద నీళ్ళ గొట్టం. మూడేళ్ళు ఆ గొట్టాన్ని చూశాను. దాని మీద ఎన్ని తుప్పు మచ్చలున్నాయో చెప్పమంటే చెప్తా." ఆవిడ చీర కుచ్చెళ్ళు సర్దుకుంది. "ఈ రెండు నెలల్లో వంతెన చూశాను. ఇటుకల బట్టీ చూశాను. సర్కస్ గుడారం వేస్తుంటే చూశాను. నిద్రపోతున్నానని మీరనుకున్నారు. నిద్రెక్కడ! అక్కర్లేదు, ఉంచుకో."

"అమ్మా, అంటే కారు బాగుచేయించవా?" అన్నాడు తెలుసుబాబు వెనకనుంచి, చెమట తుడుచుకుంటూ.

"బాగానే ఉంది కదరా. నడుస్తోంది."

మేస్త్రి కళ్ళు తడయ్యాయి గానీ ఆ గాలికి వెంటనే ఆరిపోయాయి.

అలా ఆ కారు ఏసీ ఇప్పటికీ వేడిగాలే కొడుతుంది, నిలబడితే. అందుకని నిలబడరు. సిగ్నల్ దగ్గర దిగి విసరడం ఇప్పుడు తెలుసుబాబు పని. మొదటి రోజు మొండికేశాడు గానీ, "నీకు తెలుసు కదరా" అని అత్తగారు అట్ట చేతికిచ్చింది. అయితే అతనికీ ఆ బాధ ఎక్కువ రోజులు లేదు. కారుకి విసిరే మనిషిని చూడ్డానికి బస్సులూ బళ్ళూ ఆగిపోయి, పచ్చదీపం పడ్డా ఎవరూ కదలక, ఆ కూడలి రోజూ మధ్యాహ్నం స్తంభించిపోయేది. అక్కడి ట్రాఫిక్ పోలీసు విజిలూది ఊది విసిగిపోయాడు. ఇప్పుడు వాళ్ళ కారు దూరంగా కనబడగానే మిగతా మూడు దిక్కులూ ఆపేసి, వాళ్ళకి దారి వదిలేస్తాడు. మంత్రిగారి కారు కాబోలని కొత్తవాళ్ళు ఒదిగి నిలబడతారు. అత్తగారు అద్దంలోంచి చెయ్యెత్తుతుంది. పోలీసు సెల్యూట్ కొడతాడు. అల్లుడుగారు గేరు మార్చి ఎడమకి తిప్పుతాడు, సర్కస్ ఉన్న వైపు.